షవర్ గోడకు ఏం అంటించాలి? బైరాగిపట్టెడ ఇంట్లో విప్పి కట్టిన బాత్రూమ్ డైరీ

ఉన్న పరిస్థితి

తిరుపతి బైరాగిపట్టెడలో 2008లో కట్టిన ఇల్లు. పైన మేముంటాం, కింద అద్దెకిచ్చాం. బాత్రూమ్ 5 × 8 అడుగులు. షవర్ చివరి గోడ దగ్గర ఉంది: 5 అడుగుల వెడల్పు, 3 అడుగుల 3 అంగుళాల లోతు. సరిగ్గా దాని కిందే అద్దెవాళ్ల వంటగది. వాళ్ల సీలింగు పెచ్చు ఊడి స్టవ్వు పక్కన పడ్డాక ఈ పని ఇక వాయిదా వేయడానికి కుదరలేదు. అంతకుముందు టైళ్ల సందుల్లో తెల్ల సిమెంటు పూయించాం. అది ఒక వానాకాలం కూడా నిలవలేదు.

ఈ పని గురించి విన్నవాళ్లందరూ మొదట అడిగేది "ఏ టైలు వేశారు?" అనే. అందుకే గోడ సంగతే ఎక్కువ రాస్తున్నాను. నేల, పైపుల గురించి గోడకు సంబంధించినంత మేరకే ఉంటుంది.

1వ దశ: నీళ్లు ఎక్కడ దిగుతున్నాయి

సుత్తి పట్టుకునే ముందు ఇది తేలాలి. చేసిన క్రమం:

1. కింది సీలింగు మీద తడి మరక చుట్టూ పెన్సిలుతో గీత గీసి, పక్కన తేదీ రాశాం. మరక 22 × 14 అంగుళాలు.
2. పైపుల్లో నీళ్లు అలాగే ఉంచి, బాత్రూమ్ వాడటం మానేశాం. మరక ఆరుతూ గీత లోపలికి జరిగింది. అంటే గోడలోని నీళ్ల పైపు కారడం లేదు.
3. నేల తడవకుండా గొట్టం పెట్టి నేరుగా నహానీ ట్రాప్‌లోకి (నేల మీది నీళ్లు బయటికి పోయే జాలీ గుంట) బకెట్ల కొద్దీ పోశాం. మరక పెరగలేదు. బయటికి పోయే పైపు కూడా బాగానే ఉంది.
4. ట్రాప్‌కు రబ్బరు బిరడా బిగించి, నేల మీద అంగుళంన్నర నీళ్లు నిలిపి, ఎర్ర ఫుడ్ కలర్ కలిపాం. తెల్లారేసరికి కింద సీలింగులో గులాబీ రంగు చుక్క.
5. నేల ఆరాక, నేలంతా, గోడల మీద అడుగు ఎత్తు వరకూ ప్లాస్టిక్ షీటు పరిచి టేపు వేసి, పై గోడ మీద మాత్రమే షవర్ వదిలాం. ఇప్పుడూ దిగింది. కాస్త ఆలస్యంగా, కాస్త తక్కువగా, అంతే తేడా.

నాలుగో పరీక్షతో ఆగి ఉంటే నేల మాత్రం బాగు చేయించి ఊరుకునేవాళ్లం. ఐదోది చేశాకే గోడ విషయం బయటపడింది. ప్లాస్టిక్ షీటు ఇంట్లోదే, సోఫా కొన్నప్పుడు వచ్చింది.

ప్లంబర్‌కు రూ. 600, బిరడా, రంగు రూ. 90.
మొత్తం (ప్రతి దశ చివరా అప్పటివరకూ అయినదంతా కలిపి): రూ. 690

2వ దశ: విప్పడం

పాత టైళ్లు 8 × 12 అంగుళాలవి, లేత గంధం రంగు. ఒక్కోదాన్ని వేలి కణుపుతో తట్టి, డొల్ల శబ్దం వచ్చినచోట మార్కర్‌తో గుర్తు పెట్టాం. షవర్ మూడు గోడల్లో సగానికి పైగా గుర్తులే. ఉలి అంచు దూర్చి మెల్లగా ఎత్తితే టైలు టైలుగా చేతిలోకి వచ్చేసింది.

టైలు వెనక ఐదు సిమెంటు ముద్దలు. నాలుగు మూలల దగ్గర నాలుగు, నడిమిన ఒకటి. మిగతాదంతా ఖాళీ. ఆ ఖాళీలో నల్లటి జిగురు, మురిగిన వాసన. ముద్ద టైలుకు అంటుకోలేదు. టైలు వెనకున్న గీతల అచ్చు మాత్రం ముద్ద మీద శుభ్రంగా పడి ఉంది. గ్రౌటు (టైళ్ల సందుల్లో నింపేది) పోయిన సందులో దిగిన నీళ్లకు ఆ ఖాళీ దారి అయింది, కిందికి జారి నేల అంచులో చేరేవి. నాలుగు అడుగుల ఎత్తు వరకూ ఇటుక ముదురు ఎరుపుగా తడిసి ఉంది. నేల కింద నింపిన 4 అంగుళాల ఇటుక ముక్కల పొర చేత్తో పిండితే నీరు కారేలా ఉంది.

గ్రౌటు ఎందుకు పోయిందో వెతకనక్కర్లేదు. మన ఇళ్లలో బాత్రూమ్ కడిగేది యాసిడ్‌తో. సిమెంటు గ్రౌటు యాసిడ్‌కు కరుగుతుంది. కడిగిన ప్రతిసారీ కొంచెం కొంచెం తింటూ పోయింది. కింది మూడు వరసల్లో సందులు గోరు దూరేంత లోతయ్యాయి.

ఎంతవరకు విప్పాలన్న దాని మీద మేస్త్రితో కాసేపు వాదన నడిచింది. ఆయన లెక్క ప్రకారం నేల, మూడు అడుగుల గోడ చాలు. "టైలు వేసినాక గోడకు నీళ్లెట్లా తగల్తాయి సార్?" అన్నాడు. ఇప్పుడే ఊడదీసిన టైలు తిప్పి వెనకవైపు చూపించి, "ఇట్లా తగిలాయన్నా" అన్నాను. ఇక మాట్లాడకుండా పైకి గీత గీశాడు. చివరికి కుదిరింది ఇది: షవర్ మూడు గోడలు 7 అడుగుల ఎత్తు వరకూ ఇటుక కనిపించేదాకా, నేల మొత్తం స్లాబు దాకా, మిగతా గోడల్లో కింది అడుగు మాత్రం.

కూలి రూ. 7,500. విప్పిన చెత్త ట్రాక్టరుకు రూ. 1,500.
మొత్తం: రూ. 9,690

3వ దశ: గోడకు ఏం వేయాలి

దీన్ని పైపుల పని కంటే ముందు పెట్టుకోవడానికి కారణం 4వ దశలో ఉంది.

ముందు ఈ గోడ ఏమేం తట్టుకోవాలో రాసుకున్నాం.

మునిసిపల్ నీళ్లు, అంటే కళ్యాణీ డ్యామ్, తెలుగుగంగ నీళ్లు, తాగడానికి, వంటకు పోతాయి. బాత్రూమ్‌కు వచ్చేది బోరు నీరు. నీళ్లలో కరిగిన లవణాలను కొలిచే టీడీఎస్ పెన్ను పెడితే 1,140 పీపీఎం చూపించింది. టీడీఎస్ అంటే కాఠిన్యం ఒక్కటే కాదు, కానీ గీజరులో పేరుకున్న తెల్ల గట్టిపొర చూస్తే నీళ్ల స్వభావం తెలిసిపోతుంది. గోడ మీద చుక్క ఆరితే తెల్ల వలయం మిగులుతుంది.

రెండోది యాసిడ్. నేను మానమంటే ఇంట్లో మానొచ్చు, పనిమనిషి మానదు. కాబట్టి గోడ దాన్ని తట్టుకోవాలి.

మూడోది చుట్టాలు. తిరుపతిలో ఇల్లుంటే బాత్రూమ్ పూర్తిగా మనది కాదు. దర్శనం టికెట్టు దొరికిందని రాత్రి ఫోన్ చేస్తారు. తెల్లవారుజామున వరసగా స్నానాలు ముగించి కొండెక్కుతారు. బ్రహ్మోత్సవాలప్పుడైతే గోడకు ఆరే వ్యవధే ఉండదు.

ఇంకా మూడు పట్టింపులు: మెట్ల మీదుగా మోయగలిగే బరువు, నాలుగున్నర అంగుళాల ఇటుక గోడ మోయగలిగే బరువు, రేపు ఒక్క ముక్క పగిలితే తిరుపతిలోనే మార్చగలిగే మనిషి.

*సందుల లెక్క*

నీళ్లు దిగేది టైలులోంచి కాదు, సందులోంచి. కాబట్టి సైజు ఎంచుకునేటప్పుడు చదరపు మీటరుకు ఎన్ని మీటర్ల సందు వస్తుందో చూశాం. లెక్క తేలిక: పొడవు, వెడల్పులను మీటర్లలో పెట్టి, ఒకటిని ఒక్కోదాంతో భాగించి, రెండూ కూడాలి. మన షవర్ గోడలు మూడూ కలిపి పదకొండున్నర అడుగుల పొడవు, 7 అడుగుల ఎత్తు. అంటే 80.5 చదరపు అడుగులు, దాదాపు 7.5 చదరపు మీటర్లు.

- పాత 200 × 300 మి.మీ.: చ.మీ.కు 8.3 మీటర్లు, మా గోడలకు 62 మీటర్లు
- 300 × 450: చ.మీ.కు 5.6, మా గోడలకు 42
- 300 × 600: చ.మీ.కు 5, మా గోడలకు 37
- 600 × 1200: చ.మీ.కు 2.5, మా గోడలకు 19
- 25 మి.మీ. గాజు మొజాయిక్: చ.మీ.కు 80, మా గోడలకు 600

మొజాయిక్ కథ అక్కడే ముగిసింది. ఇంట్లో దాని మీద మోజు పడినవాళ్లు ఒకరున్నారు. 600 మీటర్ల సందు ఎవరు తోముతారని అడిగితే జవాబు రాలేదు.

*నమూనాల పరీక్ష*

రేణిగుంట రోడ్డులో టైల్స్ షాపులు తిరిగి పగిలిన ముక్కలు అడిగి తెచ్చాం. గ్రానైటు కోసే యార్డులో రాతి ముక్కలు ఊరికే ఇచ్చారు. వంటింటి డిజిటల్ కాటా మీద పొడిగా తూచి, ఒక రాత్రి నీళ్లలో నానబెట్టి, పైతడి తుడిచి మళ్లీ తూచాం.

- సిరామిక్ వాల్ టైలు: 742 గ్రాములు, నానాక 845. దాదాపు 14 శాతం
- విట్రిఫైడ్ (ఎక్కువ వేడికి కాల్చిన గట్టి టైలు): 960, నానాక 962. 0.2 శాతం
- గ్రానైటు: 1,118, నానాక 1,121. 0.3 శాతం
- కడప బండ: 1,006, నానాక 1,010. 0.4 శాతం

ఈ అంకెలు చూస్తే ఎవరైనా విట్రిఫైడే అంటారు. షాపులో కూడా అదే పాట: "ఇది చుక్క నీరు పీల్చదు సార్." నిజమే. విట్రిఫైడ్ అరశాతానికి మించి పీల్చకూడదని ప్రమాణమే ఉంది. సిరామిక్ గోడ టైలు పది శాతానికి పైగా పీలుస్తుంది. అయితే సిరామిక్ పీల్చేది వెనక నుంచి. ముందున్న గ్లేజు (గాజులాంటి పూత) మీద సిరా చుక్క పెట్టి మర్నాడు తుడిస్తే మచ్చ కూడా లేదు. టైలు పీల్చినా పీల్చకపోయినా సందులో దిగే నీళ్లు దిగుతూనే ఉంటాయి. వాటిని ఆపాల్సింది టైలు వెనక గోడకు పూసే వాటర్‌ప్రూఫ్ కోటింగు. ఆ పని టైలుకు అప్పజెప్పినందుకే పాత గోడ తడిసింది.

పైగా పీల్చని గుణానికి ఇంకో ముఖం ఉంది. విట్రిఫైడ్ వెనకభాగం నున్నగా, రంధ్రాలు లేకుండా ఉంటుంది కాబట్టి మామూలు సిమెంటు పాలు దానికి పట్టవు. టైల్ గమ్ (టైళ్లు అంటించే రెడీమేడ్ జిగురు) తప్పనిసరి, అదీ వెనకంతా నిండాలి.

తరవాత ప్రతి ముక్క మీద బాత్రూమ్ యాసిడ్ నాలుగు చుక్కలు. కడప బండ మీద పోయగానే సుయ్‌మని నురగ. సున్నపురాయి కదా. కడిగాక వేలితో తడిమితే ఆ చోట గరుకు, రంగు వెలిసిపోయింది. వంటింటి అరలకు, వరండాకు కడప బండను మించింది లేదు. మా ఊరి వైపు ఇళ్లన్నీ దాని మీదే నడిచాయి. కానీ యాసిడ్ తిరిగే గోడకు పనికిరాదు. మిగతా మూడింటికీ ఏం కాలేదు.

చివరిది బోరు నీళ్ల పరీక్ష. చుక్కలు చల్లి ఎండలో ఆరబెట్టి మళ్లీ చల్లడం. ముదురు బూడిద రంగు మ్యాట్ (మెరుపు లేని) టైలు మీద తెల్ల మచ్చలు గుమ్మం దగ్గర్నుంచే కనిపించాయి. తడిగుడ్డతో పోలేదు, నిమ్మచెక్కతో రుద్దితే పోయాయి. లేత రంగు గ్లాసీ మీద మచ్చ ఉందో లేదో వాల్చి చూస్తేనే తెలిసింది, తడిగుడ్డకే పోయింది. ఇప్పుడు షోరూముల్లో గోడలన్నీ ముదురు మ్యాట్‌తోనే నిండిపోయి ఉన్నాయి. బోరు నీళ్లున్న ఇంటికి అది పని పెట్టే సరుకు.

*ఒక్కోటి ఎందుకు వద్దన్నాం*

గ్రానైటు: మన చిత్తూరు వైపు రాయే, యాసిడ్‌కు చలించదు, సందులు దాదాపు ఉండవు. మనసు దీని మీదే ఉండింది. బరువు కొట్టేసింది. 18 మి.మీ. పలక చదరపు మీటరుకు 48 కిలోలు దాటుతుంది. వెనక గోడ ఒక్కదానికే 158 కిలోలు. ఇరుకు మెట్లు, నాలుగున్నర అంగుళాల గోడ. అంత రాయిని గమ్ మీద మాత్రమే నిలపడం నాకు నచ్చలేదు, పిన్నులు కొడితే కోటింగుకు చిల్లు.

600 × 1200 విట్రిఫైడ్: ఒక్కో టైలు దాదాపు 15 కిలోలు. సందులు సగం తగ్గుతాయి, నిజమే. కానీ పక్క గోడలు 3 అడుగుల 3 అంగుళాలే కాబట్టి ప్రతి టైలు కోయాల్సిందే. పాత గోడకు 6 అడుగుల అల్యూమినియం పట్టీ ఆనిస్తే నడిమిన 11 మి.మీ. గుంట. ఇంత పెద్ద టైలుకు గోడ అద్దంలా ఉండాలి. కొత్త ఇల్లయితే ఇదే వేసేవాణ్ని.

పీవీసీ ప్యానెల్: ఒక్కరోజు పని అన్నారు. లోపల డొల్ల గొట్టాలు ఉంటాయి. అంచులో నీళ్లు దూరితే ఎన్నేళ్లయినా బయటికి తెలియదు. మళ్లీ పాత ఐదు ముద్దల కథే. ఫాల్స్ సీలింగుకు వాడుకోవచ్చు.

ఎపాక్సీ పెయింటు: తడి పీల్చిన ఇటుక గోడ మీద బుడగలు లేస్తుంది. మైక్రో సిమెంటు (టైలు బదులు పలచగా పూసే సిమెంటు): చేసిన గోడ చూపించమంటే దగ్గర్లో ఎవరూ చూపించలేకపోయారు.

మిగిలింది: 300 × 600 సిరామిక్, గ్లాసీ, లేత ఊదా గీతలున్న తెలుపు. ఒక్కోటి మూడు కిలోలు, 9 మి.మీ. మందం. పాత గంధం రంగు టైలు ఎక్కడా దొరకదు కాబట్టి కలపాలని చూడకుండా, షవర్ మూల వేరు అని కనిపించేలా వదిలేశాం. నేలకు 300 × 300 మ్యాట్, కాలు జారనిది. నేలకు గ్లాసీ ఎవరు చెప్పినా వినొద్దు.

టీడీఎస్ పెన్ను, యాసిడ్: రూ. 410.
మొత్తం: రూ. 10,100

4వ దశ: పైపులు, డైవర్టర్ లోతు

గోడలో దాగే డైవర్టర్‌ను (నీళ్లను షవర్‌కూ కుళాయికీ మళ్లించేది) ఏ లోతులో బిగించాలన్నది టైలు మందం, దాని వెనక పొరలు తేలితేనే తెలుస్తుంది. ప్లంబర్ పాత అలవాటున ఇటుక నుంచి 40 మి.మీ. లెక్క వేసుకొచ్చాడు: పూత 12, సిమెంటు ముద్ద 20, టైలు 8. మేం వేసేది పూత 15, కోటింగు 1, గమ్ 4, టైలు 9. మొత్తం 29. అలాగే వదిలేస్తే డైవర్టర్ 11 మి.మీ. బయటికి పొడుచుకొచ్చి కవరు ప్లేటు గోడకు ఆనేది కాదు. ఇటుక ఇంకొంచెం తవ్వి వెనక్కి జరిపించాం. డైవర్టర్ మీద ప్లాస్టిక్ టోపీకి కనీసం, గరిష్ఠం అని రెండు గీతలుంటాయి. పూర్తయిన టైలు ముఖం ఆ రెండింటి నడిమిన రావాలి.

పాత జీఐ (ఇనుప) పైపు తీసేసి సీపీవీసీ (వేడి నీళ్లకూ ఆగే ప్లాస్టిక్) వేశాం. మూసేముందు చేతి పంపుతో ఒత్తిడి పెట్టి, ముల్లు కదలకుండా నిలిచాకే పూత.

సామాను రూ. 7,800, కూలి రూ. 3,500.
మొత్తం: రూ. 21,400

5వ దశ: పూత, కోటింగు

మే నెల. ఎండ 40 దాటింది. పడమటి గోడ మధ్యాహ్నం చెయ్యి పెట్టలేనంత కాలుతుంది. మొదట చేసిన పూత సాయంత్రానికే ఎండి వెంట్రుకవాసి బీటలు పడింది. ఆ గోడ మటుకు చెక్కేసి మళ్లీ చేయించాం. ఈసారి పద్ధతి:

1. ఇటుకను ముందురోజు సాయంత్రం, మళ్లీ పొద్దున తడపడం.
2. సిమెంటు ఒకటికి ఇసుక నాలుగు, సంచికి 200 మి.లీ. వాటర్‌ప్రూఫ్ లిక్విడ్.
3. రసమట్టం, తూకం గుండు పెట్టి నిలువు సరిచూడటం. పాత 11 మి.మీ. గుంట ఇక్కడే సరిపోయింది. చివరికి 6 అడుగుల పట్టీ కింద తేడా 2 మి.మీ.
4. తడి గోనెపట్టాలు వేలాడదీసి వారంపాటు క్యూరింగు.
5. నేల, గోడ కలిసే మూలలో బొటనవేలితో తోసినట్టు గుండ్రంగా సిమెంటు మలచడం. కోణం పదునుగా ఉంటే కోటింగు అక్కడే చీలుతుంది.

నేల మీద నహానీ ట్రాప్ వైపు 8 అడుగులకు 30 మి.మీ. వాటం.

కోటింగు పౌడరు, పాలలాంటి ద్రవం కలిపి బ్రష్‌తో పూసేది. స్లాబు మీద ఒకసారి, వాటం వేశాక పైన మరోసారి. షవర్ గోడలకు 7 అడుగుల వరకూ, మిగతాచోట్ల అడుగు. మూలల్లో తడి కోటింగులో ఫైబర్ జాలీ పట్టీ. మొదటి కోటు అడ్డంగా, రెండోది నిలువుగా. ఒకే దిశలో పూస్తే బ్రష్ వెంట్రుకల గీతల్లో సన్నని ఖాళీలు మిగులుతాయి. రెండు కోట్లకు రెండు రంగులొచ్చేలా రెండోదాంట్లో చిటికెడు సిమెంటు రంగు కలిపించాను. ఎక్కడ తప్పిందో కంటికి తెలిసిపోతుంది. పని సాయంత్రం అయిదు తరవాతే. గంగమ్మ జాతర వారం ఒక్క మనిషీ రాలేదు. కోటింగు ఆరడానికి అదీ మేలే అయింది.

ఇసుక, సిమెంటు, లిక్విడ్ రూ. 3,100. కోటింగు 15 కిలోల కిట్లు రెండు రూ. 5,400. జాలీ, బ్రష్‌లు రూ. 500. కూలి రూ. 6,000.
మొత్తం: రూ. 36,400

6వ దశ: నీళ్లు నిలపడం

ట్రాప్ మూసి 50 మి.మీ. నీళ్లు నిలిపి గోడ మీద గీత పెట్టాం. పక్కనే అదే నీళ్లతో ఒక బకెట్టు పెట్టి దాని మీదా గీత. ఎండాకాలంలో నీళ్లు ఆవిరైపోతాయి కదా, ఆ బకెట్టు లేకపోతే ఎంత ఆవిరైందో ఎంత దిగిందో విడదీయలేం.

ఒకరోజు తరవాత బకెట్టులో 3 మి.మీ. తగ్గింది, నేల మీద 9. "ఎండకు సార్" అన్నాడు మేస్త్రి. బకెట్టు చూపించాను.

నీళ్లు తోడి, ఆరాక టార్చి వేసి వెతికితే ట్రాప్ మెడ దగ్గర కోటింగు అంచు లేచి ఉంది. ప్లాస్టిక్ నున్నగా ఉంటుంది, సిమెంటు కోటింగు దానికి పట్టదు. గోరుతో గీస్తే పొరగా వచ్చేసింది. మొదటి దశలో రంగు నీళ్లు దిగింది కూడా పాత ట్రాప్ చుట్టూ ఇలాంటి సందులోంచే అని ఇప్పుడు అర్థమైంది. నేరుగా ట్రాప్‌లో పోసినప్పుడు దిగలేదంటే నీళ్లు మెడ బయటికి చేరలేదు కాబట్టే.

బాగు చేసిన తీరు:

1. మెడ చుట్టూ అంగుళం వెడల్పున కాంక్రీటు చెక్కి గాడి.
2. ప్లాస్టిక్‌ను గరుకు ఉప్పుకాగితంతో తెల్లబడేదాకా రుద్దడం.
3. గాడిలో కుంచించుకుపోని గ్రౌటు నింపడం.
4. ఆరాక జాలీ పట్టీ వేసి, మెడ మీదికి ఎక్కేలా మళ్లీ రెండు కోట్లు.

మళ్లీ నీళ్లు. ఈసారి రెండు రోజులు ఉంచాం. బకెట్టు, నేల రెండూ సమానంగా తగ్గాయి. కింది సీలింగులో పెన్సిలు గీత దగ్గర కొత్త తడి లేదు. టైలు వేశాక ఇది బయటపడి ఉంటే మళ్లీ మొదటికి వచ్చేది పని. ఈ దశ లేకుండా టైలు మొదలుపెడదామనే మేస్త్రి ఎవరైనా సరే, అడ్వాన్స్ ఇవ్వకండి.

మరమ్మతు రూ. 800.
మొత్తం: రూ. 37,200

7వ దశ: టైలు

షవర్ గోడలు 80.5, కింది అడుగు పట్టీ 12, మొత్తం 92.5 చదరపు అడుగులు. కోతకు పదో వంతు కలిపితే 102. పెట్టెకు 6 టైళ్లు, 11.6 చదరపు అడుగులు. 9 పెట్టెలు చాలు. మరోటి ఇంట్లో ఉంచుకోవడానికి తీసుకున్నాం. పెట్టెలన్నిటి మీదా షేడ్, బ్యాచ్ నంబర్లు ఒకటేనని షాపులోనే చూసుకున్నాం. ఒక పెట్టె వేరే షేడ్ వచ్చింది, మార్పించాం.

గోడ టైళ్లు రూ. 7,200, నేలవి రూ. 2,800, బండి రూ. 400.
మొత్తం: రూ. 47,600

గమ్ సంచి మీద ఐఎస్ 15477 (టైల్ గమ్‌కున్న భారత ప్రమాణం) అనీ, ఏ రకమో అనీ అచ్చు ఉంటుంది. గోడకు, తడి చోటుకు సరిపోయేదని సంచి మీదే రాసి ఉన్న రకం తీసుకున్నాం.

టైల్స్ మేస్త్రి వేరే మనిషి, చెయ్యి తిరిగినవాడు. కానీ మొదటి టైలుకు గమ్‌ను కూడా ఐదు ముద్దలుగానే పెట్టాడు. అంటించగానే తీయించి చూశాం, వెనక సగమే తడి. పళ్ల తాపీతో (8 మి.మీ. పళ్లు) గోడ మీద ఒకే దిశలో గీతలు లాగి, టైలు వెనక పలచగా ఒక పూత పూసి, ఆనించాక కొద్దిగా అటూ ఇటూ జరిపి నొక్కితే గీతలు నలిగి నిండుతాయి. రెండోసారి తీసి చూస్తే మూలలు సహా అంతా అంటింది. ఆ తరవాత తీయించలేదు, కానీ పక్కన కూర్చున్నాను.

ఈ దశలో అక్కరకొచ్చినవి:

1. కింది వరస చివర్లో వేయాలి. రెండో వరస కింద మట్టంగా చెక్క పట్టీ కొట్టి అక్కడి నుంచి పైకి. నేల వాటాన్ని బట్టి కింది వరస కోత మారుతుంది. పట్టీ మేకులు గోడకు కొడితే కోటింగుకు చిల్లు పడుతుంది, అందుకని రెండు వైపులా ఇటుకల మీద ఆనించాం.
2. ఈ ఎండకు గమ్ పది, పదిహేను నిమిషాల్లో పొర కడుతుంది. వేలితో తాకితే వేలికి అంటకపోతే గీకి పారేయాలి. రెండు టైళ్లకు సరిపడానే పూయాలి.
3. ఇటుక వరసల్లా సగం సగం జరిపి కలిపే డిజైను వద్దు. పొడుగు సిరామిక్ టైలు నడిమిన కొద్దిగా ఉబ్బి ఉంటుంది. పక్కదాని అంచు ఆ ఉబ్బు దగ్గరికి వస్తే మెట్టులా కనిపిస్తుంది. నిలువు సందులు ఒకే గీతలో వచ్చేలా వేశాం. సందు సమానంగా రావడానికి 2 మి.మీ. స్పేసర్లు.
4. వెనక గోడ 1,524 మి.మీ. రెండు నిండు టైళ్లు, ఒక 320 ముక్క. ముక్కను కుడి మూలకు తోశాం, తలుపు తీయగానే కనపడనివైపు.
5. డైవర్టర్ చిల్లు హోల్ సాతో (గుండ్రంగా కోసే రంపం), ముందు గ్లేజు మీద టేపు అంటించి. ఒక టైలు పగిలింది.

గమ్ 4 సంచులు రూ. 3,000, స్పేసర్లు రూ. 250, కూలి రూ. 9,000.
మొత్తం: రూ. 59,850

8వ దశ: గ్రౌటు, సిలికాన్

యాసిడ్ భయానికి ఎపాక్సీ గ్రౌటు, అంటే సిమెంటు బదులు రెసిన్‌తో చేసేది. గోడలకు, నేలకు లెక్క వేస్తే 2.2 కిలోలు, వృథా కలిపి 3 కిలోలు తెచ్చాం. కిలో డబ్బా మొత్తం ఒకేసారి కలిపేశాడు మేస్త్రి. వేడికి సగం వాడేలోపే రాయిలా బిగిసింది. ఇంకో కిలో తెప్పించి, పావుకిలో చొప్పున, పొద్దున్నే కలిపించాం. రెండు భాగాలనూ కాటా మీద తూచి, డబ్బా మీద ఉన్న పాళ్లలోనే కలపాలి. చేతి అందాజుతో కలిపితే కొన్నిచోట్ల బంకలా ఉండిపోతుంది.

నింపిన వెంటనే స్పాంజితో తుడవాలి. మర్నాడు చూస్తే టైళ్ల మీద పలచటి మంచు పొర. ఎపాక్సీ మరక తీసే లిక్విడ్‌తో పోయింది. గ్లాసీ కాబట్టి తేలికగా పోయింది, మ్యాట్ అయితే మోచేతులు అరిగేవి.

గోడ గోడ కలిసే మూలల్లో, గోడ నేల కలిసే అంచులో గ్రౌటు వేయించలేదు. అక్కడ రెండు ముఖాలూ వేర్వేరుగా కదులుతాయి, గట్టి గ్రౌటు చీలుతుంది. బూజు పట్టని సిలికాన్ నింపాం. డైవర్టర్ ప్లేటు చుట్టూ పై మూడు వైపులే సిలికాన్. కింద వదిలేశాం, లోపల ఎప్పుడైనా కారితే బయటికి కనపడాలని.

గ్రౌటు 4 కిలోలు రూ. 2,600, కూలి రూ. 1,500, సిలికాన్ రూ. 640.
మొత్తం: రూ. 64,590

వాడకంలోకి

షవర్, సబ్బు స్టాండు, గుమ్మం దగ్గర గ్రానైటు పట్టీ: రూ. 1,200. స్టాండు స్క్రూలు టైలు సందులో కాదు, టైలు నడిమిన, చిల్లులో సిలికాన్ నింపి కొట్టించాం.
మొత్తం: రూ. 65,790

వేసవి సెలవుల చుట్టాలతో గోడకు పరీక్ష జరిగిపోయింది. గోడ తట్టి చూస్తే ఎక్కడా డొల్ల లేదు. బోరు నీళ్ల మచ్చలు షవర్ కింద రెండు వరసల్లో పడుతున్నాయి, రబ్బరు వైపర్‌తో స్నానం అయ్యాక ఒకసారి లాగితే పోతున్నాయి. కుడి మూల సిలికాన్ ఒక జానెడు మేర లేచింది. అక్కడ టైలు అంచు తడిగా ఉండగానే వేసినట్టున్నారు. కోసి, ఆరబెట్టి, మళ్లీ నింపాం. సిలికాన్ ఎలాగూ కొన్నేళ్లకోసారి మార్చుకోవాల్సిందే.

కింది వంటగది సీలింగుకు పుట్టీ, సున్నం ఇంకా వేయలేదు. స్లాబు పైకి ఆరినట్టు కనిపించినా, సాయంత్రం ప్లాస్టిక్ కాగితం ముక్క నాలుగు అంచులా టేపుతో అంటించి పొద్దున తీస్తే లోపల ఇంకా తడి చేరుతోంది. అది ఆగకముందే పుట్టీ పెడితే మళ్లీ రాలుతుంది. ఆ ఖర్చు పై మొత్తంలో లేదు.